రెండు లక్షలతో పల్లె వార్తల సైట్ పెట్టాలనుకుంటున్న కళ్యాణదుర్గం మిత్రుడికి

మీ ప్రశ్న మొత్తం చదివాను. పేపరుకు మండల కంట్రిబ్యూటరుగా చేసి విసిగిపోయి మానేశారు, చేతిలో రెండు లక్షలున్నాయి, కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర వైపు పల్లెలకు తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ నాలుగు భాషల్లోనూ రోజూ ఆన్‌లైన్‌లో వార్తలివ్వాలని మీ ఆలోచన. వెబ్‌సైటా యూట్యూబా, పర్మిషన్లు ఏమన్నా కావాలా, డబ్బులు ఎట్లా వస్తాయి, పేరు ఏం పెట్టాలి, ఇవీ మీరు అడిగినవి. నేను అనంతపురంలో ఒక పేపరు జిల్లా డెస్క్‌లో చాలాకాలం పనిచేసి బయటికొచ్చి ఇట్లాంటి చిన్న సైటే నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా, నాలుగు భాషల్లో రోజూ అనేదాన్ని పక్కన పెట్టేయండి. డబ్బు చాలదని మాత్రమే కాదు. అట్లా మొదలుపెట్టిన ప్రతి చోటా జరిగేది ఒకటే, ఎమ్మెల్యే ఆఫీసు నుంచి వచ్చిన ప్రెస్ నోట్ ముందు తెలుగులో పడుతుంది, తర్వాత దాన్నే ఒకరు కన్నడలోకి, ఒకరు ఉర్దూలోకి మారుస్తారు, చివరికి ఒకే నాయకుడి ఫోటో మూడు లిపుల కింద కనబడుతుంది. తండాలో వాళ్ళకు తెలుగు రాక వార్తలు అందడం లేదా చెప్పండి? వాళ్ళ పిల్లలు చదివేది తెలుగులోనే. పేపరు తిరగేస్తే వాళ్ళ తండా అందులో ఉండదు, ఉన్నా సారా కేసులోనో, రోడ్డు ప్రమాదంలోనో ఉంటుంది. అందుకే అనంతపురంలో కూర్చుని అనువాదం చేసే మనిషికి ఇచ్చే జీతం తండాలోనే ఉండే ఒక డిగ్రీ పిల్లకు ఇవ్వండి. ఆ అమ్మాయి తెలుగులో రాసినా పర్వాలేదు. గోర్ బోలిలో (లంబాడీ భాషలో) మాట్లాడి రికార్డు చేస్తే ఇంకా మంచిది.

ఏ భాష ఏ రూపంలో కావాలో మీరు తిరిగే ప్రాంతాన్ని బట్టి తేల్చుకోవాలి. కన్నడ సంగతి వేరు. 1882లో బళ్ళారి నుంచి విడదీస్తేనే అనంతపురం జిల్లా అయింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి జిల్లా మైసూరుకు పోయి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఇటు మిగిలాయి. మడకశిర పటం చూడండి, మూడు వైపులా కర్ణాటకే. అమరాపురం, అగళి, రొళ్ళ వైపు కన్నడ మీడియం బడులున్నాయి, కన్నడ చదివే జనం ఉన్నారు, ఆసుపత్రికి శిరకో తుమకూరుకో పోతారు. అక్కడ మీరు కన్నడ లిపిలో రాయాల్సిందే. ఉర్దూ అట్లా కాదు. మన ఊళ్ళలో ముస్లిం కుర్రాళ్ళు చాలామంది ఇంట్లో దక్కనీ (మన వైపు ఉర్దూ) మాట్లాడతారు, చదివేది మాత్రం తెలుగు. నస్తాలిఖ్, అంటే ఉర్దూ లిపి, చదివేది మదర్సాలో చదువుకున్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఉర్దూ టీచర్లు. కాబట్టి ఉర్దూను ఆడియోగా పెట్టండి, రెండు మూడు నిమిషాలు, మనవాళ్ళు మాట్లాడే దక్కనీలోనే, లక్నో ఉర్దూ వద్దు. అది వింటే టీవీ అనుకుంటారు, మనది అనుకోరు. 2022లో ఉర్దూకు రాష్ట్రమంతా రెండో అధికార భాష హోదా వచ్చింది కదా, మీ మండల ఆఫీసులో ఉర్దూ అర్జీ ఇస్తే తీసుకుంటున్నారా లేదా అన్నదే మీకు మంచి మొదటి వార్త. రాసేవాళ్ళు దొరకరని దిగులు పడకండి, కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, అక్కడ చదివిన పిల్లల్లో అనంతపురం వైపు వాళ్ళెవరో వాకబు చేయండి.

ఇంకొకటి, ఈ భాషలన్నీ ఉన్నందువల్ల మీకు అచ్చంగా వార్తల పరంగా వచ్చే లాభం ఒకటుంది. గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు (బీటీపీ) వేదవతి నది మీద ఉంది. ఆ నదికి పైన కర్ణాటకలో హిరియూరు దగ్గర వాణీ విలాస సాగర్ ఉంది. అది నిండి పొర్లితే తప్ప కిందికి పెద్దగా నీళ్ళు రావు, 2022లో 1933 తర్వాత మొదటిసారి పొర్లింది, ఆ ఏడాది బీటీపీ కూడా గేట్లెత్తే దాకా పోయింది. ఇప్పుడు చెప్పండి, హిరియూరు డ్యాం మట్టం ఎంతుందో కన్నడ పేపర్లో వస్తుంది, తెలుగు పేపర్లో రాదు. గుమ్మఘట్ట రైతుకు కావాల్సింది ఆ అంకె. కన్నడ చదవగలిగిన మనిషి ఒకరు మీ దగ్గరుంటే వారానికి ఒకసారి ఆ మట్టం తెలుగులో పెట్టడానికి ఐదు నిమిషాల పని. తుంగభద్ర ఎగువ కాలువ కూడా అంతే, కణేకల్లు, బొమ్మనహాళ్ ఆయకట్టు వాళ్ళకు హోస్పేటలో డ్యాం దగ్గర ఏం తేల్చారన్నదే ముఖ్యం. బహుళ సంస్కృతి అని గొప్పగా రాసుకోవద్దు, ఇట్లా వాడుకోండి చాలు.

ఇక ఏం రాయాలి అన్నది. జిల్లా పేజీలు 1989 ప్రాంతంలో మొదలైనప్పుడు నిజంగా పెద్ద మార్పు అది, అప్పటిదాకా మండలం పేరు పేపర్లో కనబడటమే గొప్ప. కానీ ఆ పేజీలు నింపే కంట్రిబ్యూటరుకు ఇచ్చేది లైన్ అకౌంట్ మీద (అచ్చయిన లైన్లు లెక్కగట్టి) కొద్ది డబ్బులు, పైన యాడ్ టార్గెట్. ఆగస్టు 15కో, నాయకుడి పుట్టినరోజుకో యాడ్ తేవాలి. ఎవరి దగ్గర యాడ్ తెచ్చాడో వాళ్ళ మీద ఎట్లా రాస్తాడు? ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, చెప్పి విసిగించను. దాని ఫలితం మాత్రం గుర్తుపెట్టుకోండి: ప్రెస్ మీట్ పెట్టే మనిషి లేని విషయం ఏదీ వార్త కాదు. మీ సైటుకు కావాల్సిన చోటు అదే. ప్రెస్ మీట్లకు పోనే పోవద్దు, అవి మీరు లేకపోయినా వస్తాయి.

అనంతపురం యార్డులో చీనీ (బత్తాయి) టన్ను ఎంత పలికింది అనేది అందరూ వేస్తారు. 'సూట్' (తరుగు) పేరుతో టన్నుకు ఎంత కాయ కోసుకుంటున్నారు, ఏ మండీలో ఎంత, డబ్బు ఎన్ని రోజులకు చేతికిచ్చారు అనేది ఎవరూ వేయరు. నలుగురు రైతుల పట్టీలు (మండీలో ఇచ్చే అమ్మకం చీటీలు) ఫోటో తీసి పేర్లు కొట్టేసి పెట్టండి, మీ లింక్ సాయంత్రానికి తోటలన్నీ తిరుగుతుంది. టమాటా బాక్సు ధర ఒక్క ఊరిది ఇస్తే లాభం లేదు, పత్తికొండ, అనంతపురం, మదనపల్లె, కోలారు నాలుగూ ఒకే చోట పక్కపక్కన ఇస్తేనే బండి ఎటు తిప్పాలో తేలుతుంది. గ్రామ సచివాలయంలో ఏ పోస్టు ఖాళీగా ఉంది, ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఏం రాశారు, రికవరీ ఎంతన్నారు, అందులో నిజంగా ఎంత వసూలైంది. కన్నడ మీడియం బడికి టీచరు ఉన్నాడా, పుస్తకాలు ఏ నెలలో వచ్చాయి. తండా నుంచి బెంగళూరుకు కూలికి పోయినవాళ్ళ పిల్లలు బడి రిజిస్టరులో ఉన్నారా, హాజరు ఎట్లా పడుతోంది. ముస్లింల శ్మశానం స్థలం సర్వే నంబరు ఎవరి పేరు మీద ఎక్కింది. ఇవన్నీ కాగితం మీద దొరికే విషయాలే, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) వాడండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో అర్జీకి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. చాలామంది అక్కడే వదిలేస్తారు, అప్పీలు పడిన తర్వాతే కదిలే ఆఫీసులు బోలెడు.

బయటి చానెళ్ళకు సీమ అంటే మూడే, ఫ్యాక్షన్, కరువు, తొలకరి వానకు తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాల వేట. మీరు కూడా వ్యూస్ కోసం అటు జారిపోయే ప్రమాదం ఉంది. వజ్రాలమీద రాయొద్దని కాదు. దొరికిన రాయి ఎవరు కొన్నారు, ఏ ధరకు, పొలం తొక్కేసిన రైతు సంగతేంటి, అది రాయండి. దేవరగట్టు కర్రల సమరం కూడా అంతే. దసరా రాత్రి కెమెరాలన్నీ వచ్చి తలలు పగిలినవాళ్ళ లెక్క చెప్పి తెల్లారేసరికి పోతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట, ఈ ఊళ్ళవాళ్ళు ఉత్సవ మూర్తులను కాపాడుకునే బాధ్యత ఎట్లా పంచుకుంటారు, అందులో తండా పాత్ర ఏంటి అన్నది మామూలు రోజుల్లో పోయి కూర్చుంటే తప్ప తెలియదు. అట్లాగే ఏటా మొహర్రంకు నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి ఫోటో వేసి 'మత సామరస్యం' అని హెడ్డింగు పెట్టే అలవాటు మానేయండి. అక్కడ అది వార్త కాదు, తాతల నాటి నుంచి వాళ్ళ మామూలు బతుకు. అక్కడికొచ్చే జనానికి నీళ్ళు, బస్సులు ఉన్నాయా అని రాస్తే వాళ్ళకు పనికొస్తుంది.

మీకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్ళను చూడండి. బుందేల్‌ఖండ్‌లో పల్లె ఆడవాళ్ళు 2002లో చిత్రకూట్ నుంచి బుందేలీలో మొదలుపెట్టిన ఖబర్ లహరియా తర్వాత పూర్తిగా ఆన్‌లైన్‌కు, వీడియోకు మారింది. రిపోర్టర్లు ఆ ఊళ్ళవాళ్ళే. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అనేది మామూలు ఫోనుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చి, మనం చెప్పింది రికార్డయ్యే పద్ధతి, గోండీలో మాట్లాడేవాళ్ళు చదువు రాకపోయినా వార్త చెప్పగలిగారు. మన పక్క చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్ళు 'నవోదయం' పేరుతో పత్రిక నడిపారు. ఇంకా వెనక్కి పోతే పప్పూరు రామాచార్యులు గారు 1926లో అనంతపురం నుంచే 'శ్రీ సాధన' పత్రిక తెచ్చారు. అచ్చు యంత్రం, కాగితం, తెల్లవాడి నిఘా అన్నీ భరించి ఆయన నడిపితే మనకు ఫోనుంది, అందుకని ఖర్చు సాకు చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది.

సైటా, యూట్యూబా అన్నారు. మొదట రెండూ వద్దు, వాట్సాప్ చానెల్ పెట్టండి. గ్రూపు కాదు, చానెల్. గ్రూపు అయితే రెండో రోజే గుడ్ మార్నింగులు, పార్టీ గొడవలు మొదలవుతాయి. రోజుకు మూడు వార్తలు మించకుండా, ఒక ఆడియో. అది కుదురుకున్నాక పాత వార్తలు దాచుకోవడానికి, ఎవరన్నా వెతికితే దొరకడానికి సైట్ కావాలి, మామూలు వర్డ్‌ప్రెస్ సరిపోతుంది, డొమైను, హోస్టింగు కలిపి ఏడాదికి కొన్ని వేలు. డిజైనుకు లక్ష అడిగేవాడి దగ్గరికి పోకండి. ఒక్క జాగ్రత్త, మన డీటీపీ సెంటర్లలో టైపు చేసేవాళ్ళకు అను ఫాంట్లే అలవాటు, అది సైటులో పనికిరాదు, యూనికోడ్‌లోనే కొట్టాలి. ఉర్దూలో డీటీపీ చేసేవాళ్ళకు ఇన్‌పేజ్‌తో ఇదే సమస్య, నోటో నస్తాలిఖ్ ఉచితంగా దొరుకుతుంది, కానీ బరువైన ఫాంటు, పల్లెలో నెట్ నెమ్మదిగా ఉంటే పేజీ తెరుచుకోదు, అందుకే ఉర్దూ అక్షరాల్లో వారానికి ఒక్క పేజీ చాలు. యూట్యూబ్ డబ్బు నమ్ముకోవద్దు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) దాటితే గానీ యాడ్ ఆదాయం మొదలుకాదు, మొదలైనా చీనీ పట్టీల మీద వీడియోకు వచ్చేది టీ ఖర్చు. పైగా లోగో మైకు పట్టుకుని రేషన్ డీలర్ల దగ్గర, క్వారీల దగ్గర వసూళ్ళు చేసే బ్యాచ్ వల్ల మైకు చూస్తేనే జనం అనుమానంగా చూస్తున్నారు. మీరు మైకు లేకుండా, నోటుబుక్కుతో పోండి. నిజంగా చెప్తున్నా, జనం ఎక్కువ మాట్లాడతారు.

అనుమతుల విషయం తేలిక. 1867 నాటి ప్రెస్ చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది, అందులో రిజిస్ట్రేషన్ పత్రికలకు, వార్తల వెబ్‌సైటుకు కాదు. కానీ 2021 ఐటీ రూల్స్ వర్తిస్తాయి. ఇండియాలో ఉండే ఒక గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, కాంటాక్టు సైటులో పెట్టాలి, ఫిర్యాదు వస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి, ప్రచురణ మొదలైన 30 రోజుల్లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు వివరాలు పంపాలి. అందులో నైతిక నియమావళికి సంబంధించిన రూల్ మీద బొంబాయి హైకోర్టు 2021 ఆగస్టులో స్టే ఇచ్చింది, ఆ గొడవలోకి మనం పోనక్కర్లేదు, ఫిర్యాదుల పద్ధతి పెట్టుకుంటే మనకే రక్ష. ఎవరన్నా లీగల్ నోటీసు పంపినప్పుడు, మీ ఫిర్యాదుకు ఫలానా తేదీన జవాబిచ్చాం అని చూపించగలుగుతారు.

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, క్రిమినల్ కేసే. అందుకే ఆరోపణ వచ్చినవాడికి ఫోన్ చేసిన టైము, ఆయన చెప్పింది, చెప్పకపోతే ఎత్తలేదన్న సంగతి రాసి పెట్టుకోండి, రికార్డింగులు చెరిపేయొద్దు. అంతకంటే ముఖ్యమైనది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్. పాప పేరు రాయకూడదని అందరికీ తెలుసు, కానీ మన ఊళ్ళలో 'ఫలానా తండాకు చెందిన, బెంగళూరులో మేస్త్రీ పని చేసే వ్యక్తి కూతురు, ఎనిమిదో తరగతి' అని రాస్తే పేరు రాసినట్టే. ఊరు కూడా రాయొద్దు, మండలం చాలు, చిన్న మండలమైతే అదీ వద్దు.

డబ్బు. మీ రెండు లక్షల్లో సగం బ్యాంకులో వేసి మరిచిపోండి, మిగతాదాంతో ముగ్గురు పార్ట్‌టైం మనుషులను పెట్టుకుని ఎన్ని నెలలు నడిస్తే అన్ని నెలలు. తీసుకోకూడని యాడ్లు ముందే రాసుకుని సైటులో పెట్టండి: పార్టీలు, నాయకుల పుట్టినరోజులు, క్వారీలు, ఇసుక కాంట్రాక్టర్లు, విత్తనాల కంపెనీలు. చివరిది చూసి ఆశ్చర్యపోకండి, వేరుశనగ జిల్లాలో నాసిరకం విత్తనం మీద ఏదో ఒక సీజనులో రాయాల్సి వస్తుంది. తీసుకోదగ్గవి బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్ళు, మామూలు కుటుంబాలు వేసుకునే శ్రద్ధాంజలి ప్రకటనలు. వీటికి రేటు కార్డు ఒకటే ఉండాలి, అందరికీ కనబడాలి. నెలకు యాభై రూపాయలు యూపీఐలో ఇచ్చే పాఠకులు మెల్లగా వస్తారు, వార్తకు తాళం మాత్రం వేయొద్దు, చదివేది అందరికీ ఉచితం, ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు.

రాయచోటి, రాజంపేట వైపు ఇట్లాంటివి నడపాలనుకునేవాళ్ళు కువైట్‌లో ఉన్న మనవాళ్ళ మీద ఆశ పెట్టుకుంటారు, మీకూ బయట బంధువులుంటే ఇది గుర్తుంచుకోండి. వార్తలు తయారుచేసే సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదని ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం చెబుతుంది. ఇండియన్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనిచేసే మనిషి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే. కాబట్టి ఒక్క రూపాయి తీసుకునే ముందు మంచి సీఏకు ఓ వెయ్యి ఇచ్చి కూర్చోండి.

పుకార్ల గురించి మీరు అడగలేదు గానీ, రెండు మూడు మతాల, భాషల జనం కోసం రాస్తున్నప్పుడు అది మీ నెత్తినే పడుతుంది. పండగ రోజుల్లో ఏదో వీడియో తిరుగుతుంది, మన ఊరిదే అంటారు. ఆ వీడియో మీరు మళ్ళీ పెట్టొద్దు, ఖండించడానికి కూడా. గుడి కమిటీలో ఒకరు, మసీదు కమిటీలో ఒకరు, ఎస్సై, ఈ ముగ్గురి నంబర్లు ప్రతి ఊరివీ ముందే ఉండాలి, ముగ్గురితో మాట్లాడి ఏం జరిగిందో, ఏం జరగలేదో నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి, అదే దక్కనీలో మాట్లాడి పంపండి. గంటలో పోవాలి. మర్నాడు రాసే వెయ్యి పదాల వ్యాసం కంటే ఇది మేలు. ఇట్లాంటి రోజున మీ ఉర్దూ గొంతు ఎవరిదో ఊరికి ముందే తెలిసుండాలి, కాబట్టి ఆ మనిషిని పెట్టుకోవడం పండగకు వారం ముందు చేసే పని కాదు.

ఇసుక, క్వారీల మీద రాసేటప్పుడు ఒంటరిగా పోవద్దు, ఆడపిల్లల్ని అసలే పంపొద్దు అని చెప్పేవాళ్ళుంటారు, నేను ఒప్పుకోను, ఇద్దరిద్దరుగా పంపండి, పోయేముందు డెస్క్‌లో ఎక్కడికో చెప్పి పోవాలి, వార్త కింద ఒక్కరి పేరు కాకుండా సైటు పేరు వేయండి. ఫోన్ చేసి 'తీసేయ్ అన్నా' అని అడిగేవాడు ఎప్పుడూ తెలిసినవాడే ఉంటాడు, మామ వరసో, క్లాస్‌మేటో. 'తప్పుంటే రాసివ్వు మామా, నీ మాట కూడా కింద వేస్తా' అనండి. రాసిచ్చేవాళ్ళు తక్కువ. ఇస్తే మాత్రం తప్పకుండా వేయండి, అదే సైజు అక్షరాల్లో.

పేరు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. 'సీమ' అని పెడితే ఇప్పటికే అట్లాంటివి బోలెడున్నాయి, మడకశిర కన్నడిగుడికి, తండా మనిషికి, మీ ఊరి ఉర్దూ అవ్వకు ముగ్గురికీ నోరు తిరిగే రెండు మూడు అక్షరాల పేరు చూడండి. దొరికాక డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ ఒకేసారి కొనేయండి, మీ సొంత పేరు మీద, మీ సొంత మెయిలుతో. సైటు చేసిపెట్టే కుర్రాడి మెయిలుతో కొంటే రేపు వాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి పోయాక పాస్‌వర్డు కోసం తిరగాల్సి వస్తుంది.